నిలకడ నీటిలో అల

"కదలని జలాశయంలో అలలేంటమ్మా, టాపిక్ మార్చుకో" అని నవ్వారు తిరుపతిలో నా పీహెచ్‌డీ గైడు. నేను మార్చలేదు. కార్వేటినగరం అవతలి జలాశయంలో తాడుకు మీటరుకొకటి థర్మామీటర్లు కట్టి వేలాడదీశాను.

పడవ నడిపే పెద్దాయన మాత్రం నవ్వలేదు. "పైన నీళ్లు కాగుంటాయి, అడుగున సల్లగుంటాయి. గాలి కొట్టినాక ఆ సల్లనీళ్లు పైకి లేస్తా, దిగతా ఉంటాయి. వలేసేటప్పుడు సేతికి తెలస్తాదిమా" అన్నాడు.

పెద్దగాలి వెలిసిన మర్నాడు నీటిపైన చిన్న అల కూడా లేదు. నడిమి థర్మామీటర్లు మాత్రం చల్లబడుతూ, మళ్లీ వేడెక్కుతూ ఉన్నాయి. అల నీటి లోపల ఉంది. ఆ అంకెలు చూసి, పరికరం చెడిపోయిందన్నారు గైడు.

"అయితే మీరే వచ్చి మీ థర్మామీటరు దించి చూడండి సార్" అన్నాను.

మర్నాడే వచ్చారు. తన థర్మామీటరు మధ్యాహ్నం దాకా నడిమి లోతులోనే ఉంచారు. అదీ అలాగే చెప్పింది. టాపిక్ కాగితం మీద సంతకం పెట్టారు. థాంక్స్ మాత్రం నేను పడవ పెద్దాయనకే చెప్పాను.