కదిరమ్మ సందులో కాలువ

కదిరమ్మది నల్లమాడ దగ్గర ఒక మెట్టపల్లె. చేనిలో బోరు ఎండిపోయాక మొగుడు తిమ్మన్నతో కలిసి ధర్మవరం వచ్చి, ఊరి చివర వాగు ఒడ్డున, వంక పోరంబోకు అనే సర్కారు జాగాలో రేకుల ఇల్లు వేసుకుంది. పట్టుచీరలు నేయడం అక్కడే నేర్చుకుంది. తిమ్మన్న పోయాక కూడా ఆమె మగ్గం ఆగలేదు.

అది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుని నేయాలి. వాన కోసం మొహం వాచిన ఊరే గానీ, తీరా వాన పడితే ఆ వాడకు గుండెదడ. సందులో కాలువ లేదు. పై వీధుల మురుగంతా ఇళ్లలోకి దిగి గుంతలు నింపేది. కిందటేడు ఒక పెళ్లిచీర మగ్గం మీదే తడిసి పాడైంది. ఆ రోజు కదిరమ్మ అన్నం ముట్టలేదు.

వాడ ఆడవాళ్లను వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, మున్సిపాలిటీ ఇంజనీరు హేమలత వచ్చి సందు చూసింది.

"కాలువ వేస్తాం. కానీ జాగా ఏదమ్మా? అందరూ ముందుకు జరిగి కట్టుకున్నారు కదా," అంది.

నిజమే. ఒకరిది అరుగు, ఒకరిది మెట్లు. టీ అంగడి ఓబులేష్‌ది నాపబండల తిన్నె. కదిరమ్మది స్నానాల గది. తిమ్మన్న చేతులతో కట్టిన గోడలవి.

"ఏమక్కా, నీ కాలువకి నా అంగడి పడగొట్టుకోవల్లా? ముందు నీది పగలగొట్టు, చూస్తాం," అన్నాడు ఓబులేష్.

మర్నాడు పొద్దున్నే కదిరమ్మ గడ్డపార పట్టింది. మొదటి దెబ్బ స్నానాల గది గోడ మీదే వేసింది. పక్కింటి బయమ్మ పరుగున వచ్చింది.

"యాడ నీళ్లు పోసుకుంటావే?"

"చీర అడ్డం కట్టుకుంటా. మగ్గం మునిగితే కూడు యాడ తినల్ల?"

మధ్యాహ్నానికి బయమ్మ తన మెట్లు తీయించింది. తర్వాత ఒక్కొక్కరూ కదిలారు, ఓబులేష్ తప్ప. మున్సిపాలిటీ వాళ్లు తవ్వుకుంటూ వచ్చిన కాలువ అతని అంగడి దగ్గర ఆగిపోయింది.

ఆ వారమే వాన కొట్టింది. కాలువ నీళ్లు ముందుకు దారిలేక, అంగడి వెనకే ఉన్న ఓబులేష్ ఇంట్లోకి మళ్లాయి. కదిరమ్మ బక్కెట్టు పట్టుకుని పోయింది.

"ఇదంతా నీ వల్లే!" అని అరిచాడు అతను.

"తిడుదువులే అప్పా. ముందు మీయమ్మను లేపు, మా ఇంట్లో పండుకుంటాది. ఆడ తడి లేదు."

ఇల్లు ఆరేదాకా ముసలామె కదిరమ్మ ఇంట్లోనే ఉంది. తల్లిని తీసుకుపోవడానికి వచ్చిన ఓబులేష్, పొడిగా ఉన్న మగ్గం గుంత వైపు కాసేపు చూశాడు. మర్నాడు తన తిన్నె బండలు తనే పెకలించాడు.

కాలువ వంకదాకా చేరింది. గుంతల్లోకి నీళ్లు రావడం మానేశాయి. దోమలు మాత్రం తగ్గలేదు. ఇళ్లకు పట్టాలు ఇంకా రాలేదు. వాటి కోసం కదిరమ్మ ఇప్పుడు తహసీల్దారు ఆఫీసుకు పోతోంది, బయమ్మతో, ఒక్కోసారి ఓబులేష్‌తో.