ఆపకుండా పంపిన అయిదు పలకలు

పోర్ట్‌బ్లెయిర్ లంబాలైన్‌లో, విమానాశ్రయం గోడకు దగ్గరగా పైడిబాబు ఇనప పనుల షెడ్డు ఉంది. గేట్లు, మెట్లు, నీళ్ల ట్యాంకులకు స్టాండ్లు చేస్తాడు. పద్నాలుగేళ్ల కిందట భార్య కనకలక్ష్మితో ఓడెక్కి ఇక్కడికి వచ్చినప్పుడు, ఉక్కు కర్మాగారంలో బంగారంలాంటి మిల్లు ఉద్యోగం ఎందుకు వదిలేశాడని చుట్టాలందరూ అడిగారు. ఆ వేడి ఒంటికి పడలేదని చెప్పాడు. కనకలక్ష్మికీ అదే చెప్పాడు.

ఆ కర్మాగారంలో అతను ప్లేట్ మిల్లు రోలింగ్ ఆపరేటర్. ఫర్నేస్‌లోంచి మండుతూ వచ్చిన ఉక్కు దిమ్మను రోలర్ల మధ్య అటూ ఇటూ నడిపి పలకగా సాగదీయడం అతని పని. సగం సాగాక పలకను కాసేపు ఆపాలి. దాని ఎరుపు మందగించి, వేడి తొమ్మిది వందల డిగ్రీల లోపుకు దిగాకే మళ్లీ రోలర్లకు ఇవ్వాలి. అప్పుడే ఉక్కు లోపలి రేణువులు సన్నగా నిలిచి, పలక దెబ్బకు ఓర్చుకుంటుంది. తొందరపడి అధిక వేడి మీదే పని ముగిస్తే రేణువులు పెరిగి ముతకబారతాయి. పైకి మాత్రం తేడా ఏమీ కనిపించదు. పైడిబాబు రంగు చూసి డిగ్రీలు చెప్పగలడని మిల్లులో పేరుండేది.

ఒకరోజు మధ్యాహ్నం మోటారు చెడిపోయి మిల్లు రెండు గంటలు ఆగింది. తన షిఫ్టు వెనకబడుతుందని పైడిబాబుకు పట్టుదల వచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. తనంతట తానే అయిదు పలకలను ఆపకుండా పంపేశాడు. వేడిని నమోదు చేసే యంత్రం ఆ వారం మరమ్మతులో ఉంది. పుస్తకంలో చేత్తో రాయాలి. రోజూ రాసే అంకెలే రాశాడు.

దెబ్బ పరీక్షలో ఆ అయిదూ విరిగిపోయాయి. విచారణ జరిగింది. పుస్తకం ప్రకారం రోలింగ్‌లో తప్పులేదు. అలాగైతే దిమ్మలు ఫర్నేస్‌లోనే ఎక్కువసేపు కాలి ఉండాలి, ఫర్నేస్ మనిషి నిద్రపోయి ఉండాలి అన్నారు. ఆ మనిషి రమణయ్య, కాంట్రాక్టు కూలీ. పైడిబాబును అడిగితే, పుస్తకంలో రాసిందే జరిగిందన్నాడు. రమణయ్యను తీసేశారు. ఏడాది తిరిగేలోపు పైడిబాబు కూడా మానేశాడు. ఎర్రటి పలక ముందుకొచ్చినప్పుడల్లా ఇక రంగు పోల్చుకోలేకపోయేవాడు.

కిందటి వానాకాలం ఒక ప్రభుత్వ శాఖ ట్యాంకు స్టాండు పని అతనికి వచ్చింది. దాన్ని చూసుకోవడానికి ధరణి అనే జూనియర్ ఇంజనీరు వచ్చింది. ఉద్యోగానికని ఈ దీవులకు వచ్చి ఏడాదే అయింది. ఓడలో వచ్చిన పలకల్లో ఒకటి వంగి ఉంటే, గ్యాస్ మంటతో కాల్చి సరిచేద్దామంది.

"ఎర్రగా కాల్చొద్దు మేడమ్," అన్నాడు పైడిబాబు. "లోపల రేణువు పాడైపోద్ది. చల్లగా ఉండగానే జాకీ పెట్టి లాగుతాను." అర్థమయ్యేలా రెండు విరిగిన ఉక్కు ముక్కలు తెచ్చి చూపించాడు. అధిక వేడికి పాడైనదాని విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తోంది. రెండోది నున్నగా, బూడిదరంగులో ఉంది.

ధరణి నవ్వింది. "మా నాన్నా అచ్చం ఇలాగే చెప్పేవారు. రమణయ్య అని, ప్లేట్ మిల్లులో ఫర్నేస్ దగ్గర చేసేవారు. డ్యూటీలో నిద్రపోయి ఉద్యోగం పోగొట్టుకున్నారు లెండి."

పైడిబాబు ముక్కలు కింద పెట్టేశాడు. జాకీ తెస్తానని షెడ్డు లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులయ్యాక కనకలక్ష్మికి చెప్పాడు.

"ఇన్నేళ్లూ నాకాడ కూడా దాచేవు," అంది. "ఆ పిల్ల వచ్చేదాకా కూకోకు. నువ్వే ఎల్లి చెప్పు."

ధరణి సముద్రపు పాయకు అవతల, బాంబూఫ్లాట్‌లో ఉంటుంది. సాయంత్రం ఆమె చాతం రేవులో ఫెర్రీ కోసం నిలబడి ఉండగా పైడిబాబు వెళ్లి చెప్పాడు. అయిదు పలకల సంగతి, తప్పుడు అంకెల సంగతి, విచారణలో తానన్న మాట. ఫెర్రీ వచ్చి వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.

"నిద్రపోలేదన్న నాన్న మాట మా అమ్మ నమ్మలేదు," అంది చివరికి. "నమ్మకుండానే పోయింది, మూడేళ్లయింది. నేనూ నమ్మలేదు."

తండ్రికి ఫోన్ చేసి, విషయం రెండు ముక్కల్లో చెప్పి, ఫోన్ పైడిబాబు చేతికిచ్చింది. అతను మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. అవతల దగ్గు వినిపించింది.

"నువ్వు రంగు చూసి చెప్పేవోడివి. నీకాడ పొరపాటు జరగదనుకున్నాను బాబూ," అన్నాడు రమణయ్య. "నేనే కునుకు తీసేనేమోనని కొన్నేళ్లు నన్ను నేనే అనుమానపడ్డాను."

వచ్చి కాళ్లమీద పడతానని పైడిబాబు అంటే వద్దన్నాడు. కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమన్నాడు. పైడిబాబు ఒకటి రమణయ్యకు, ఒకటి మిల్లుకు రాసి పంపాడు. మిల్లు నుంచి జవాబు లేదు.

ట్యాంకు స్టాండు పూర్తయింది. దాన్ని చివరిసారి తనిఖీ చెయ్యడానికి వేరే ఇంజనీరు వచ్చాడు. ధరణి సెలవు పెట్టి నాన్న దగ్గరికి వెళ్లిందని అతనే చెప్పాడు. తిరిగొచ్చాక ఒకసారి మిడిల్ పాయింట్ బజారులో ఎదురైంది. తప్పుకుని వెళ్లిపోకుండా ఆగి, నాన్న బాగానే ఉన్నారని చెప్పింది. కాగితం చదివి ఆయన ఏమన్నారని అడగడానికి పైడిబాబుకు నోరు రాలేదు.