మాలీలకు మినరల్ వాటర్

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను రాజమండ్రి దగ్గర్లోని ఒక మత్స్యశాఖ కార్యాలయానికి బదిలీ చేశారు. నా హోదా మత్స్యశాఖ అభివృద్ధి అధికారి. పేరు పొడుగ్గా ఉంటుంది కాని పని చిన్నదే. చెరువుల గట్ల మీద తిరగడం, నీళ్ళు పరీక్షించడం, రైతు చెప్పేది విని మనకు తెలిసింది చెప్పడం. నాకు పైన సహాయ సంచాలకులు, అంటే ఏడీ గారు. ఆయనకు పైన సంయుక్త సంచాలకులు, అంటే జేడీ మేడం. కింద అటెండర్ సూర్యారావు. ఈ వరసలో అందరూ ఎవరో ఒకరిని చూసి భయపడేవారే. సూర్యారావుకు మాత్రం ఆ అలవాటు లేదు.

చేరిన మూడో రోజునే ఏడీ గారు పిలిచి ఒక పని అప్పగించారు. ఆఫీసు వరండాలో నాలుగడుగుల గాజు తొట్టె పెట్టి, నెల రోజులు రంగు చేపలు పెంచి చూపించాలి. కారణం నాగమణి గారి దరఖాస్తు.

నాగమణి గారు కడియం నర్సరీల్లో ఇరవై ఏళ్ళుగా కూలి పని చేసిన మనిషి. మట్టి ముద్దలతో సహా మొక్కల్ని లారీలకెత్తి ఎత్తి నడుము పోయింది. ఇక బరువులెత్తితే మంచాన పడతావని డాక్టరు తేల్చేశాడు. ఇంటి వెనకాల, కలువ మొక్కలు పెంచే పాత సిమెంటు తొట్లలో దోమపిల్లల్ని తింటాయని నాలుగు గప్పీ చేపలు వేస్తే, అవి నాలుగు వందలయ్యాయట. పెరటి రంగు చేపల యూనిట్ మంజూరు చేస్తే ఇంటి పట్టునే బతుకుతానని ఆవిడ కోరిక. అయితే మా ప్రాంతానికి అలాంటి యూనిట్ అదే మొదటిది. ఈ జాతులు ఇక్కడ బతుకుతాయని ముందు ఆఫీసులో ప్రదర్శించాలి, జేడీ మేడం వచ్చి చూడాలి, ఆ తర్వాతే సంతకం. నా తొట్టెలో చేపలు చస్తే ఆవిడ దరఖాస్తు కూడా వాటితోనే పోతుంది.

పని చాలా తేలికనిపించింది. ఎకరాల చెరువుల్లో రొయ్యను కాపాడినవాణ్ణి, వరండాలో వేలెడు చేపను కాపాడలేనా?

రాజమండ్రిలో రంగు చేపల కొట్టుకు వెళ్ళాను. కొట్టువాడు ఆస్కార్ అనే ఒక చేపను చూపించి, మనిషిని గుర్తుపడుతుందండి అన్నాడు. గుర్తుపట్టి పక్కవాటిని మింగుతుందని నాకు తెలుసు. ఒకే తొట్టెలో నాలుగు జాతులు కలిసి ఉండాలంటే నోరు చిన్నదీ నైజం మెత్తనిదీ అయిన చేపలే తీసుకోవాలి. అందుకే గప్పీలు, ప్లాటీలు, నల్ల మాలీలు, కత్తితోక చేపలు కలిపి ముప్పై తెచ్చాను. ఇవన్నీ గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. ఒక్కో మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. లేకపోతే మగవి ఒక్కదాని వెంటే పడి దాన్ని నిద్రపోనివ్వవు. సూర్యారావు ఈ సంగతి శ్రద్ధగా విని, ఆడామగా ఎలా పోల్చాలండి అని అడిగాడు. తోక సోకుగా ఉండి పని లేకుండా తిరిగేది మగది అన్నాను. “ఆయ్, తెలిసిందండి, మన సెక్షన్లో లాగేనండి” అన్నాడు.

తొట్టెకు నీళ్ళ విషయం వచ్చింది. ఆఫీసు వెనకాల బోరుంది. దాని నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లగా గార కడుతుంది. జేడీ మేడం చూడబోయే తొట్టెలో అలాంటి నీళ్ళా? మా జిల్లాలో ఇంటికొచ్చిన మనిషికి బోరు నీళ్ళిస్తే మూడు తరాల పాటు చెప్పుకుంటారు. పన్నెండు క్యాన్ల మినరల్ వాటర్ తెప్పించి పోయించాను. చేపలు తళతళలాడిపోయాయి. అద్దంలో నా మొహం కూడా కాస్త తెల్లగా కనిపించింది.

మొదటి వారం బాగా గడిచింది. తొమ్మిదో రోజున నల్ల మాలీల నడక మారింది. రెక్కలు ఒంటికి బిగించుకుని, ముందుకూ వెనక్కూ పోకుండా ఉన్నచోటే ఊగడం మొదలెట్టాయి. చలికి వణుకుతూ బస్సు కోసం నిలబడ్డ మనిషి ఎలా ఊగుతాడో అలా. పదకొండో రోజున రెండు పోయాయి.

నా అనుమానం మొదట మేత మీదికి పోయింది. మా ఆఫీసుకొచ్చే రైతులు మర్యాదస్థులు. తొట్టె దగ్గర ఆగిన ప్రతివాడూ ఏదో ఒకటి వేయకుండా కదలడు. ఒకరు బూందీ, ఒకరు బిస్కెట్టు ముక్క, ఒక పెద్దాయనైతే పకోడీ. ఒట్టి చేతులతో ఎలా చూడమంటారండి అని ఆయనే నన్ను దబాయించాడు. మిగిలిన మేత అడుగున కుళ్ళితే నీళ్ళు విషమవుతాయి. అందుకని రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో చేపలు తినేసేంత మాత్రమే వేయాలని బోర్డు రాయించి, సూర్యారావును స్టూలు వేసి కూర్చోబెట్టాను. అతను ఎంత నిక్కచ్చిగా కాశాడంటే, చేతిలో బ్రెడ్డు ముక్కతో వచ్చిన ఏడీ గారిని కూడా ఆపేశాడు. “మీరైతే మరీ వద్దండి, మీరు పెట్టారని వాటికి తెలిస్తే మొహమాటానికైనా తింటాయండి” అన్నాడట.

మేత ఆగింది కాని చావులు ఆగలేదు. రెండు రోజులకోసారి మూడు క్యాన్ల పాత నీళ్ళు తీసి మూడు క్యాన్ల కొత్త మినరల్ వాటర్ పోయించాను. పోసినకొద్దీ ఊగడం ఎక్కువైంది. పదిహేనో రోజుకు పోయినవి తొమ్మిదయ్యాయి. చివరికి కూర్చుని ఒక నోట్ చిత్తు రాశాను. ‘ఈ ప్రాంతపు వేడికి పై జాతులు అనువైనవిగా కనబడుట లేదు.’ ప్రభుత్వోద్యోగంలో వేడి చాలా సాధుజీవి. ఏ తప్పు మోపినా ఎదురు చెప్పదు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే నాగమణి గారు వచ్చారు. తొట్టె ముందు నిలబడి ఊగుతున్న చేపల్ని చూశారు. నోట్ సంగతి దాచడం ఎందుకని చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు.

“వేడికా అండి? మరి మా తొట్లు ఏ జిల్లాలో ఉన్నాయంటారు?” అన్నారు.

“అది కాదమ్మా...”

“ఓసారి వచ్చి చూడండి సారుగారూ. చూశాక ఏం రాసినా మీ ఇష్టం. చూడకుండా రాస్తే మాత్రం నేను మళ్ళీ లారీకి మొక్కలెత్తాలండి, ఈ నడుంతో.”

వెళ్ళాను. పెరట్లో ఆరు సిమెంటు తొట్లు, సగం ఎండలో సగం అరటి నీడలో ఉన్నాయి. లోపల గప్పీలు, తర్వాత తెచ్చి వేసిన మాలీలు పండగ బజారులో జనంలా తిరుగుతున్నాయి. నాచు గుబుర్లలో ఆవగింజలంత కళ్ళతో పిల్లలు. పెద్ద చేపలు తమ పిల్లల్నే తినేస్తాయి కాబట్టి దాక్కోవడానికి ఆ నాచు వేశారన్నమాట. తొట్ల అంచున చూస్తే మా బకెట్టు మీద ఉన్నట్టే మందంగా తెల్లగార. ఈ నీళ్ళలోనా అని నేను మొహం చిట్లించాను.

“మీరేం నీళ్ళు పోశారండి?” అని అడిగారావిడ.

కొంచెం గర్వంగానే చెప్పాను.

“మినరల్ వాటరాండి? చేపలకా? మా అత్తగారు పోయేముందు కూడా బోరు నీళ్ళే పోశామండి!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత నవ్వాపుకుని అసలు సంగతి చెప్పారు. నిరుడు ముసురు పట్టి వారం రోజులు వానలు పడ్డప్పుడు తొట్లు పొంగిపొర్లి, నిండా వాన నీళ్ళే మిగిలాయట. అప్పుడు నల్ల చేపలు అచ్చం మా తొట్టెలో లాగే నిలబడి ఊగాయట. ఏం చేయాలో తోచక రోజుకో బిందె బోరు నీళ్ళు పోస్తూ వస్తే నాలుగో రోజుకు తేరుకున్నాయట. “చప్పటి నీళ్ళు వాటికి పడవండి. ఉప్పులేని కూడు మనం తింటామేంటండి?”

అప్పుడు గుర్తొచ్చింది. నా జీపులో, సీటు వెనకాల, నీళ్ళు పరీక్షించే పెట్టె ఉంది. ఏ రైతు చెరువు దగ్గర దిగినా ముందు ఆ పెట్టె తెరిచేవాణ్ణి. పరీక్ష చేయకుండా మందు పోసిన రైతుల్ని గట్టు మీద నిలబెట్టి చీవాట్లు పెట్టేవాణ్ణి. అదే పెట్టె పదిహేను రోజులుగా నా తొట్టెకు ఇరవై అడుగుల దూరంలో జీపులో పడి ఉంది. తొట్టె కోసం ఒక్కసారి కూడా తెరవలేదు. మినరల్ వాటర్‌ను పరీక్షించడమేంటని!

పరీక్ష ఇలా ఉంటుంది. చిన్న సీసాలో కొలిచి నీళ్ళు పోసి ఒక పొడి వేస్తే ఎర్రగా మారతాయి. తర్వాత మరో మందు చుక్కచుక్కగా వేస్తూ లెక్కపెట్టాలి. ఎన్ని చుక్కలకు నీలంగా మారితే నీళ్ళలో సున్నం లాంటి లవణాలు అంత ఉన్నట్టు. దీన్నే కాఠిన్యం అంటాం. ఆఫీసుకొచ్చి చేసి చూస్తే క్యాన్ నీళ్ళు మొదటి చుక్కకే నీలమయ్యాయి. అంటే అందులో ఏమీ లేదు. ఈ జాతులకు, ముఖ్యంగా మాలీలకు, కాఠిన్యం ఉన్న నీళ్ళే ఆరోగ్యం. నేను వాటికి చేసింది అతిథి మర్యాద కాదు, ఉపవాసం.

నీళ్ళన్నీ ఒక్కసారి మార్చేద్దామండి అని సూర్యారావు బకెట్టు ఎత్తాడు. వద్దన్నాను. హఠాత్తుగా మారిస్తే ఆ దెబ్బకే పోతాయి. ఆఫీసు బోరు నీళ్ళు ఒక రాత్రి నిలవ ఉంచి, రోజుకు తొట్టెలో పదోవంతు చొప్పున మార్చాం. నాగమణి గారు తమ తొట్ల నుంచి నాచు తెచ్చి వేశారు. నాలుగో రోజున ఊగడం తగ్గింది. ఏడో రోజున మాలీలు రెక్కలు విప్పాయి. తర్వాత ఒక్క చావు కూడా లేదు. చిత్తు నోట్ చించేశాను.

జేడీ మేడం వచ్చారు. ఇరవై ఒక్క చేపలు, నాచులో కొత్తగా పుట్టిన పిల్లలు, అద్దం మీద తెల్లటి చారలు. చూసి బాగుందన్నారు. తర్వాత ఫైలు తిప్పి, ముప్పై తెచ్చామని రాశారు, మిగతా తొమ్మిది ఏమయ్యాయి అని అడిగారు. నాగమణి గారు గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏడీ గారు ఆఫీసు పరువు కాపాడదామని, ఎండలు కదా మేడం అని మొదలెట్టారు. ఆ మాట ఫైల్లోకెక్కితే ఆవిడ యూనిట్ ఇక లేనట్టే.

నేను అడ్డుపడి ఉన్నదున్నట్టు చెప్పాను. వేడి కాదు మేడం, నేనే మినరల్ వాటర్ పోయించి చంపాను అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. జేడీ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మీ గురించి విన్నానండి. గట్టు మీద జీపు పోతుంటే పక్క కాలవలో పులస మీతో పందెం వేసుకుని ఈదిందట కదా? ఇదీ ఆ బాపతేనా?”

పులస సంగతి వేరు. అది గెలవలేదు కూడా. కాని ఆ మాట అప్పుడు అనదగ్గది కాదు. పాతికేళ్ళ ఉద్యోగంలో నేను చెప్పిన కోతలన్నీ వాళ్ళు సరదాగా నమ్మారు, ఒక్క నిజం చెబితే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. ఇక చేసేది లేక జీపులోంచి పెట్టె తెప్పించి, రెండు సీసాలు బల్ల మీద పెట్టాను. ఒకదాంట్లో క్యాన్ నీళ్ళు, రెండోదాంట్లో తొట్టె నీళ్ళు. చుక్కలు నేను వేయనన్నాను. నా చేయి మీద నమ్మకం లేదు కాబట్టి మేడమే వేయాలి, నాగమణి గారు లెక్కపెట్టాలి.

మొదటి సీసా ఒక్క చుక్కకే నీలం. రెండోది ఎర్రగానే ఉంది. “ఆరు... ఏడు...” నాగమణి గారి గొంతు చుక్కచుక్కకూ పెరిగి, నర్సరీలో లారీకి మొక్కలు లెక్కపెట్టే గొంతయింది. “పదమూడు... పద్నాలుగు... ఆయ్, మారిందండి!”

జేడీ మేడం రెండు సీసాలూ వెలుతురుకు ఎత్తి చూశారు. ఫైలు మీద ఇలా రాశారు: ‘మరణాలకు కారణం నీటి ఎంపికలో అధికారి పొరపాటు. పరీక్షతో నిర్ధారించితిని. వాతావరణం అనుకూలమే. యూనిట్ మంజూరు చేయవచ్చును.’ సంతకం చేసి, నాగమణి గారితో, ఈయన సలహాలు వినండి కాని నీళ్ళు మాత్రం మీవే పోయండి అన్నారు.

యూనిట్ మంజూరైంది. పొరపాటుకు నాకొక మెమో వచ్చింది, సమాధానం ఇచ్చాను. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఇంకో రెండేళ్ళు పనిచేశాను. ఆ రెండేళ్ళూ ఎక్కడ చేప చచ్చినా ఎండనూ రైతునూ అడిగే ముందు, పోసిన నీళ్ళు ఎవరివి, వాటిని ఎవరు పరీక్షించారు అన్న రెండు ప్రశ్నలు రాసుకున్నాను. పోసింది మేమే అయినప్పుడు పరీక్ష రెండుసార్లు చేశాను. మనం తాగే నీళ్ళు మంచివన్నది మన అభిప్రాయం. చేప అభిప్రాయం సీసాలో తెలుస్తుంది.