బావ నోటుబుక్కులో విమానాలు

ఇవాళ పొద్దున చాయ్ తాగుతూ మా ఆవిడ ఏదో చెబుతుంటే ఇంటి మీంచి విమానం వెళ్లింది. శంషాబాద్‌లో ఇది మామూలే. మాట మధ్యలో ఆపుతాం, చప్పుడు పోయాక ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంటాం. ఈసారి చప్పుడు పోయినా ఆవిడ మాట అందుకోలేదు, నా పెదవుల వంకే చూస్తోంది. "ఏంది, లోపల్లోపల ఏం సదువుతున్నవ్?" అంది. ఏమీ లేదన్నాను. నిజానికి అంకెలు లెక్కపెడుతున్నాను. చప్పుడు మొదలైన దగ్గర్నుంచి పూర్తిగా పోయేదాకా ముప్పై నాలుగు. ఈ అలవాటు నాది కాదు, మా బావది.

బావంటే మా అక్క మొగుడు. చాలా ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం నడిపాడు. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక దాన్ని మూసేసి, అక్కతో కలిసి మా ఇంటి పైభాగంలోకి వచ్చాడు. ఊరికే కూర్చునే మనిషి కాదు. ఫోన్‌లో వీడియోలు చూసి మైక్రోకంట్రోలర్ బోర్డులు, అంటే బుల్లి కంప్యూటర్ల లాంటివి, తెప్పించుకున్నాడు. అగ్గిపెట్టెంత బోర్డు, దానికి రంగురంగుల వైర్లు, లాప్‌టాప్‌లో రాసి దానిలోకి ఎక్కించే ప్రోగ్రాం, గదినిండా సోల్డరింగ్ వాసన. మొదట నీళ్ల ట్యాంకు నిండితే కూతపెట్టేది చేశాడు. అది ట్యాంకు ఖాళీగా ఉన్నా కూసేది. తర్వాత వంటింట్లోంచి చాయ్ మోసుకొచ్చే నాలుగు చక్రాల బండి చేశాడు. అది గడప దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, చివరికి చాయంతా నా లుంగీ మీద ఒలకబోసింది. బావ మాత్రం "గడప సంగతి దానికి చెప్పలే, తప్పు నాదే" అని దాన్ని ఎత్తుకుని పైకి వెళ్లిపోయాడు.

నేను ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూసేవాడు టికెట్ తీసుకోలేదని నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్లను కూడా అదే చూపు చూస్తానని మా ఆవిడ తిడుతుంది. అలాంటి నా కళ్లముందే బావ రోజూ మేడమీద కుర్చీ వేసుకుని, విమానం వచ్చినప్పుడల్లా గడియారం చూసి నోటుబుక్కులో ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు.

"ఎందుకు బావా గిదంతా?" అని అడిగాను.

"పిట్టల కోసం" అన్నాడు, తల ఎత్తకుండానే.

విమానాలు రాసుకుంటూ పిట్టల కోసం అంటే ఏ కండక్టరు నమ్ముతాడు? ఒకరోజు ఆయన ఏదో పనిమీద రాజేంద్రనగర్ వెళ్లినప్పుడు బుక్కు తెరిచాను. పేజీల నిండా తేదీలు, టైములు, పక్కన ముప్పై నాలుగు, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది అని అంకెలు. రెండు నెలల రాత. ఎయిర్‌పోర్టు పక్కన ఇల్లు, గదినిండా వైర్లు, బ్యాటరీలు, చేతిలో విమానాల టైముల చిట్టా. పోలీసులు చూస్తే ఇంటిల్లిపాదీ లోపలే. బావను నేను అనుమానించలేదు, పోలీసులకే భయపడ్డాను అని చెప్పుకోవాలని ఉంది. కానీ అనుమానించాను. ఈయన రోజూ ఎవరితో మెసేజీలు చేస్తాడు, ఆ పార్సిళ్లు ఎక్కడివి అని కూడా ఆలోచించాను. ఆ బుక్కు తీసుకెళ్లి పెరట్లో నీళ్లపొయ్యిలో పెట్టేశాను.

సాయంత్రం బావ మంచం కింద, బీరువా వెనక, లాప్‌టాప్ సంచిలో అంతా వెతికాడు. "బామ్మర్దీ, నా బుక్కేమన్న చూసినవా?" అన్నాడు. "నేనెందుకు చూస్త?" అన్నాను. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి సరేనన్నాడు. ఆ తర్వాత మేడమీద కుర్చీ వెయ్యలేదు. రోజూ మామిడిపల్లి దగ్గర మాకు మిగిలిన చిన్న పొలం చెక్కకు పోయేవాడు. జొన్న వేశాం కదా, కాపలాకనుకున్నాను. పీడ వదిలిందని సంతోషపడ్డాను కూడా. మూడు నెలలకు గుండెనొప్పి వచ్చింది, దవాఖానకు చేరేలోపే పోయాడు.

మూడోరోజు పొలంలో పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి చూస్తాం. కాకి వచ్చి ముడితే వాళ్ల మనసు చల్లబడినట్టు. ముట్టకపోతే ఏదో కొరత ఉన్నట్టు, ఎవరి మీదో కోపం ఉన్నట్టు. అక్క గారెలు, కోడికూర పెట్టింది, పక్కనే గ్లాసు నిండా చాయ్. వేపచెట్టు మీద నాలుగు కాకులున్నాయి. ఒకటి కావ్‌మని కిందికి దిగబోయింది. ఎక్కడినుంచో డేగ కూత వినబడింది. కాకులన్నీ చెదిరిపోయాయి. కాసేపటికి మళ్లీ వచ్చాయి, అరిచాయి, మళ్లీ డేగ కూసింది. ఎంత వెతికినా ఆకాశంలో డేగ కనబడలేదు.

ఎండ నెత్తిమీదికొచ్చింది. బావ తమ్ముడు చేతులు జోడించి "అన్నా, వదినను మంచిగ చూసుకుంటం, రా" అన్నాడు. కాకి రాలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. ఎవరేం చేసి ఉంటారా అని అందరి మనసుల్లోనూ అదే. ఇన్నేళ్లు నేను జనాన్ని చూసిన చూపు ఆరోజు నా మీదికి తిరిగింది.

"ఎవల మనసుల ఏమున్నదో చెప్పుర్రి. ఆకలితోటి నిలబడ్డడాయన" అంది అక్క. అందరితో అన్నట్టే ఉంది గానీ చూపు నా మీదే. నేను జొన్నచేను వైపు మరీ శ్రద్ధగా చూశాను. టికెట్ లేనివాడిలా చూస్తున్నానని తెలిసి సిగ్గేసింది. ముందుకు వెళ్లి "బావా, నీ బుక్కు కాలబెట్టింది నేనే. నిన్ను అనుమానపడ్డ. అడిగితే అబద్ధం చెప్పిన" అన్నాను.

కాకి అరిచి కిందికి దిగబోయింది. డేగ కూసింది. కాకి వెళ్లిపోయింది. చెప్పినా క్షమించలేదని గట్టు మీద కూలబడ్డాను.

అప్పుడే విమానం వచ్చింది. ఆ చప్పుడులో కాకులు మళ్లీ అరుస్తూ వాలాయి. మా కాకులకు విమానాలంటే లెక్కలేదు. ఈసారి డేగ కూయలేదు. ఒక కాకి విస్తరి దగ్గరకు నడిచి, గారె ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అక్క బావురుమంది. బావ తమ్ముడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

అందరూ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లినా నేను కదల్లేదు. బావ పోయినా నా అనుమానం పోలేదు. విమానం వస్తే నోరు మూసుకునే డేగ ఏమిటి? పైగా కూసిన ప్రతిసారీ చివర్లో ఒకేలా చిన్న గరగర. వేపచెట్టు చుట్టూ తిరిగి చూశాను. కొమ్మల మధ్య ఆకుపచ్చ టిఫిన్ డబ్బా, పక్కన అరచేతంత సోలార్ పలక. కర్రకు కొక్కెం కట్టి దించాను. లోపల బోర్డు, మైకు, స్పీకరు. మూత మీద స్కెచ్‌పెన్నుతో బావ దస్తూరి: "బామ్మర్దీ, ఇది బాంబు కాదు. పిట్టల కోసం."

అక్కకు చూపించాను. ఒళ్లో పెట్టుకుని మూత మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "పిట్ట అరిస్తె డేగ కూత కూసేటట్టు చేస్తున్న అన్నడు, జొన్నకు కాపలా. విమానం సప్పుడుకు గూడ కూస్తుందని పరేషాన్ అయ్యిండు. ఒక్కొక్క విమానం ఎంతసేపు మోగుతదో చూసి, గంతసేపు దాని నోరు కట్టెయ్యాలె అని రాసుకున్నడు. బుక్కు పోయినంక మళ్ల మొదటి నుంచి రాసిండు, ఈడ కూసొని. చెట్టుకు కట్టిండని నాకు గూడ చెప్పలే" అంది.

"బుక్కు నేనే కాలబెట్టిన్నని నీకు ముందే ఎరుకనా అక్కా?"

"పొయ్యిల బూడిద తీసేది నేనే గద తమ్మీ. బుక్కు పేజీలు గుచ్చిన తీగ చుట్ట దొరికింది. చూపిస్తె నవ్విండు. వాణ్ణి అడగకు, వాడే చెప్తడు అన్నడు."

ఆ డబ్బా ఇప్పుడు మా మేడమీద ఉంది, చల్ల మిరపకాయలకు కాపలాగా. అది కూసినప్పుడు నాకేమీ అనిపించదు. విమానం వచ్చి అది ఊరుకున్నప్పుడే బావ గుర్తొస్తాడు, లెక్క మొదలుపెడతాను. ఆయన మూడు నెలలు నేను చెబుతానని ఎదురుచూశాడు. నేను మూడు రోజులు ఆలస్యంగా చెప్పాను. ముప్పై నాలుగు దాకా లెక్కపెట్టిన ప్రతిసారీ తెలుస్తుంది, ఆ మాట చెప్పడానికి అంతసేపు కూడా అక్కర్లేదని.