మా బావ నూనె డబ్బా

అశోక్ చౌక్ దగ్గర మా బావ పవర్‌లూమ్ మగ్గం మీద చద్దర్లు నేసేటోడు. మగ్గానికి నూనె ఏసే ముక్కు డబ్బా ఎప్పుడూ ఆయన సంచిలనే ఉండేది. ఎవరింట్ల తలుపు కిర్రుమన్నా, అడగకుండనే నాలుగు చుక్కలు ఏసేటోడు.

ఆయన బిడ్డ నిశ్చితార్థానికి నేనూ, ఆయనా నా కార్ల సిరిసిల్ల పోతున్నం. అక్కా, పిల్లా ముందే బస్సుల పోయిన్రు. నాది గేర్లు వాటంతటవే మారే కారు. నడిమిట్ల ఇంజను మొత్తుకుంటున్నది గని బండి కదలదు. గేర్‌బాక్సుల ఆయిల్ తక్కువైంది, దాని ఆయిలే పొయ్యాలని మెకానిక్ ఫోన్ల చెప్పిండు.

"ముట్టకు బావా" అని చెప్పి దుకాణానికి పోయిన. వచ్చేసరికి మగ్గం నూనె మొత్తం అండ్ల పోసి, తువ్వాలకు చేతులు తుడుచుకుంటున్నడు.

"మంచిగైంది, ఇగ నడువు బామ్మర్దీ."

గేర్‌బాక్సే పోయింది. మేము రోడ్డు మీద కూసుంటే, అక్కడ నిశ్చితార్థం తండ్రి లేకుండనే అయిపోయింది. ఆయన మాత్రం కారునే తిట్టిండు. "మగ్గమైతే గిట్ల చేస్తదా?"

మళ్ల ఆయన మా ఇంటికొచ్చినప్పుడు గేటు కిర్రుమన్నది. డబ్బా తీసిండు.

"ముట్టినవంటే మంచిగుండదు" అన్న. డబ్బా మళ్ల సంచిల పెట్టుకున్నడు.

ఇప్పుడాయన లేడు. ఆ గేటు ఇంకా కిర్రుమంటనే ఉన్నది, నేను నూనె ఎయ్యలే. ఎయ్యను.