తోడుకి మిగలని పెరుగు

సైన్యంలోకి కుర్రాళ్ళను పిలిచే ఆఫీసులో ప్రకటనల పని ఆయనది. గోడ మీద పోస్టరు, రేడియోలో మాట, కాలేజీల్లో ఉపన్యాసం అన్నీ ఆయన చేతి మీదుగానే సాగాలి కాబట్టి అందరూ బాకా బాబాయి అనేవారు. ఊళ్ళు మారీ మారీ చివరికి ఇక్కడ కుదురుకున్నాడు. భార్యకి ఈ ఊరి ఆస్పత్రిలోనే నర్సు ఉద్యోగం దొరికింది. ఇంకోసారి పెట్టెలు సర్దమంటే తన వల్ల కాదని ఆవిడ ముందే చెప్పేసింది.

అంతలో సైన్యాన్ని కుదించాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. మనుషుల్ని తగ్గిస్తూ మనుషుల కోసం ప్రకటనలేమిటని ఖర్చుల కమిటీ నిలదీసింది. సరైన జవాబు చెప్పకపోతే ఆఫీసు మూత, బాబాయికి మళ్ళీ బదిలీ. అడిగినదాంట్లో తప్పేముంది? ఒక చేత్తో గెంటుతూ ఇంకో చేత్తో రమ్మనడం ఆయనకే వింతగా ఉంది. ఊరందరికీ బాకా ఊదే మనిషి తన దాకా వచ్చేసరికి అంకెల కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాడు.

ఆ బెంగలో, కమిటీ ముందుకి వెళ్ళాల్సిన ముందురోజు రాత్రి భోజనంలో పెరుగు గిన్నె అడుగంటా ఊడ్చేశాడు. పొద్దున ఖాళీ గిన్నె చూసి భార్య నడుం మీద చేయి వేసుకుంది.

"పిల్ల హాస్టలుకి వెళ్ళిందని పాలు సగం చేశాం. అంతేగానీ తోడు కూడా మానేస్తామా? రేపు పెరుగు ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

చీవాట్లు తింటూనే బాబాయి నవ్వాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

కమిటీ గదిలో అంకెల కాగితాలు పక్కన పెట్టేసి, ఎదురుగా కూర్చున్న పెద్దావిడకి ఆ మాటే చెప్పాడు.

"తగ్గించమన్నది పాలు మేడమ్, తోడు కాదు. ఏటా పాతవాళ్ళు రిటైరవుతారు. ఇప్పుడు కుర్రాళ్ళు చేరకపోతే కొన్నాళ్ళకి జవాన్లని నడిపే హవల్దార్లు ఉండరు. హవల్దారు బజార్లో దొరకడు. ఇవాళ చేరినవాడే రేపు అవ్వాలి."

ఇంట్లో తోడు పెట్టేది మీరేనా అని పెద్దావిడ అడిగింది. నిన్న తోడుకి మిగల్చకుండా తినేసింది తనేనని ఒప్పుకోక తప్పలేదు. గది గొల్లుమంది. పోస్టర్లకి కోత పెట్టారు గానీ ఆఫీసు జోలికి రాలేదు. మెట్లు దిగుతుంటే బాబాయికి ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చేసరికి ట్రంకుపెట్టె గది మధ్యలో ఉంది. తన వల్ల కాదన్న మనిషే సగం సర్దేసింది. సంగతి విని అక్కడే కూలబడి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పక్కింట్లో అడిగి తెచ్చిన తోడుతో పాలు తోడేసి గట్టు మీద పెట్టి ఉంది. బాబాయి ఆత్రంగా గిన్నె అందుకోబోతే చేయి పట్టుకుంది.

"కదపకండి. కదుపుతూ ఉంటే తోడుకోదు. ఇన్నాళ్ళూ మనకి జరిగింది అదే."

ఇద్దరూ కలిసి పెట్టెను మంచం కిందికి తోసేశారు.