రెల్లు వాటా

చోడవరం దగ్గర చెరకు పండించే పరదేశికి దేన్నయినా వేలితో నొక్కి, వాసన చూస్తేగాని నమ్మకం కుదరదు. కొత్త బెల్లమైనా, పెళ్లివారు తెచ్చిన చీరైనా ఒకటే పరీక్ష. పినతండ్రి కొడుకు గణపతిరావు ఇతని పొలంలోకి గట్టు జరిపాక ఆ అనుమానం మరీ ముదిరింది. పంతొమ్మిది వందల డెబ్భై మూడు వానాకాలంలో విశాఖపట్నం వెళ్తే, అల్లుడు మ్యూజియం తోట చూపించాడు. నాచు మొదలు పూలమొక్కల దాకా, ఏది దేన్నుంచి వచ్చిందో ఆ వరసలో పెంచారక్కడ. పట్నంలో బతికే జీవాలంటూ ఉడతకీ, తొండకీ కూడా బోర్డులున్నాయి. "తొండని సూడ్డానికి ఇంత దూరం రావాలేటి బాబూ," అన్నాడు పరదేశి. ఆఖర్న చెరకు, దాని పక్కనే రెల్లు. రెండూ ఒకే వంశమని అల్లుడు బోర్డు చదివి చెప్పాడు. పరదేశి రెల్లు కాడ విరిచి, నొక్కి, వాసన చూసి, నమిలాడు. ఎక్కడో అడుగున తీపి తగిలింది. మొహం మాడిపోయింది.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడే తన గట్టుమీది రెల్లంతా వేళ్లతో సహా పెకలించాడు. "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడేటొచ్చింది?" అంది భార్య సన్యాసమ్మ.

"ఇది సెరుక్కి దాయాదంట. రేపు సేలో వాటా అడిగితే?"

అటూ ఇటూ చూసి, ఆ దుబ్బులన్నీ గట్టు అవతల, గణపతిరావు చెరకు పక్కన జాగ్రత్తగా నాటాడు. నాటి, మట్టిని వేలితో నొక్కి చూశాడు.